ఆనందభైరవిలో ఐసుబండి పాట

2005 ఎండాకాలంలో ఆ పాట చెవిన పడకుండా తెనాలి బజార్లో పది అడుగులు వెయ్యడం ఎవరివల్లా కాలేదు. ఆటోల్లో అదే, సెల్‌ఫోను కొట్ల ముందు అదే, రేపల్లె పాసింజరులో పాడి అడుక్కునే ముసలాయన నోటా అదే. హీరో ఐసుబండి తోసుకుంటూ వీధిలోకి వస్తాడు, హీరోయిన్ మేడమీద నుంచి పుల్ల ఐసు అడుగుతుంది, ఆ తరవాత ఇద్దరూ బండి చుట్టూ గెంతుతారు. సినిమా రెండు వారాలకే డబ్బాలు సర్దుకుంది. పాట మాత్రం ఉండిపోయింది. సినిమా పేరు మర్చిపోయిన జనం దాన్ని ఐసుబండి పాట అనేవాళ్లు.

షేక్ మీరావలికి ఆ పాట వింటే ఒళ్లు మండేది. అప్పటికి ఆయనకి యాభై రెండేళ్లు. తాత వాయించి, తండ్రి వాయించి తన చేతికిచ్చిన సన్నాయి తప్ప ఇంకో పని తెలియదు. తెనాలి నుంచి అమృతలూరు దాకా రాములవారి కల్యాణానికైనా, కలిగినవాళ్ల ఇళ్లల్లో పెళ్లికైనా సన్నాయి పట్టింది ఆ సాయిబుల ఇంటివాళ్లే. తెల్లారగట్ల నమాజు చేసుకుని, తలకి నూనె రాసుకుని, జరీ కండువా వేసుకుని గుడికి వెళ్లేవాడు. సాయిబు దేవుడి ముందు వాయించడమేమిటని ఎవరూ అడిగింది లేదు. అడగాల్సిన మాట వేరే ఉంది, అదీ ఎవరూ అడగలేదు. మంగళసూత్రం పడేదాకా పీటల పక్కనే కూర్చోబెట్టిన మనిషికి, భోజనాల దగ్గరికి వచ్చేసరికి పందిరి బయట, ఆఖరి బంతిలో విస్తరి ఎందుకు పడేదో.

ఆయన పక్కన డోలు వాయించే పున్నయ్యకీ అక్కడే విస్తరి. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిదీ జంట. పున్నయ్య వాళ్లది క్షౌరవృత్తి కుటుంబం. బావమరిది సెలూన్లో కుర్చీ ఖాళీగా ఉన్నా పున్నయ్య అటు పోకుండా డోలునే నమ్ముకున్నాడు.

కాలం మారింది. పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలు వచ్చాయి, మనిషంత ఎత్తు సౌండు బాక్సులు వచ్చాయి. మీరావలి తమ్ముడు సన్నాయి అటక మీద పెట్టి అరటిపళ్ల బండి పెట్టుకున్నాడు. పినతండ్రి కొడుకు బాపట్లలో ఆటో తోలుతున్నాడు. వంశంలో వాయించేవాడు ఇక తనొక్కడే. ఆయనకి పెద్ద కోరికలేమీ లేవు. పందిట్లో కూర్చుని వాయించే మనిషిగానే బతకాలి, అలాగే పోవాలి. నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాడు.

2006 మాఘమాసం ముందు గోపాలకృష్ణ ఆయన ఇంటికి వచ్చాడు. తెనాలిలో కొత్తగా వెలిసిన శుభకార్యాల ఏజెన్సీ అతనిది. పందిరి, పూలు, భోజనాలు, వీడియో, వాయిద్యాలు అన్నీ అతనే చూస్తాడు. ఇంటివాళ్లు ఒక్క సంతకం పెడితే చాలు. నాలుగు మండలాల్లో పెద్ద పెళ్లిళ్లన్నీ అప్పటికే అతని చేతిలోకి పోయాయి. మనిషి బహు మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, మీరావలి భార్య మున్నీసా ఇచ్చిన టీ తాగి, విషయం చెప్పాడు. దుగ్గిరాల యార్డులో పసుపు కమీషను వ్యాపారి బసవేశ్వరరావు కూతురి పెళ్లి. తలంబ్రాల వేళ ఐసుబండి పాట మోగకపోతే పీటల మీద కూర్చోనని పెళ్లికూతురు. పందిట్లో సినిమా పాట మోగితే లేచిపోతానని ఆ పిల్ల తాత.

"దాన్నే కీర్తనలాగా తిప్పి సన్నాయి మీద వాయించగలరా, మీరావలిగారూ?"

"ఆ చెత్త నేను ముట్టనండి."

"మీ ఇష్టమండి. గుంటూరు నుంచి కీబోర్డు అబ్బాయిని పిలిపిస్తాను. పాపం, ఒక్క పెళ్లికని ఎలా పిలుస్తాం? ఈ సీజనంతా అతనికే ఇచ్చెయ్యాలి."

టీ గ్లాసు పళ్లెంలో పెట్టి, మున్నీసాకి కూడా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే మీరావలి బాపట్ల బండెక్కాడు.

బాపట్లలో జీవన్ కుమార్ ఉన్నాడు. ముప్పై రెండేళ్లవాడు. లూథరన్ చర్చిలో ఆదివారం కీబోర్డు వాయిస్తాడు. ఇంటి వెనక గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి, అందులో క్రైస్తవ గీతాల క్యాసెట్లు రికార్డు చేస్తాడు. మిషను బళ్లో పాశ్చాత్య పద్ధతిలో సంగీతం రాయడం, చదవడం నేర్చుకున్నవాడు. ఒకప్పుడు ఏదో క్యాసెట్టుకి మీరావలి చేత సన్నాయి వాయించుకున్నాడు. అప్పటి నుంచి బాబాయ్ అంటాడు.

పాటని కంప్యూటరులో పెట్టి, శ్రుతి చెడకుండా వేగం సగానికి తగ్గించి వినిపించాడు. మీరావలి కళ్లు మూసుకున్నాడు. ఏడు నెలలుగా తిట్టుకుంటున్న పాటని ఆయన నిజంగా వినడం అదే మొదలు. దడదడలాడే దరువు విడిపోయి, అడుగున ఉన్న వరస నడుస్తూ బయటికి వచ్చింది.

"ఇది నడిచే పిల్లరా. ఎవరో వెంటపడి పరిగెత్తించారు," అన్నాడు.

ఆ రోజంతా ఆ పాటని విప్పారు. పల్లవిలో ఉన్నవి మూడే మూడు ముక్కలు. అవే మాటలు మార్చుకుని చరణంలోకీ వస్తున్నాయి. మొదటి మాట తాళం దెబ్బ మీద కాకుండా, దెబ్బ పడిన అరక్షణం తరవాత మొదలవుతోంది. వినేవాడు తెలియకుండా మెడ ముందుకి చాస్తున్నది అందుకే. పాడిన అమ్మాయి గాంధారాన్ని గోడకి మేకు కొట్టినట్టు నిటారుగా కొట్టేసింది. దాన్ని అక్కడే కొంచెం ఊపి, స నుంచి గ కి వెళ్లి, రి కి దిగి, మళ్లీ గ మీదుగా మ కి ఎక్కితే ఏమవుతుందో మీరావలి గొంతులోనే అని చూసుకున్నాడు. తరవాత ప ద ప స అని పైకి వెళ్లాడు. అదే వరస మళ్లీ పైకి వినపడేలా అన్నాడు.

జీవన్ కుమార్ కీబోర్డు మీద అదే వరస నొక్కి పెదవి విరిచాడు. "మా లెక్కలో ఇది మైనరు, బాబాయ్. ఏడుపు పాట."

"మా లెక్కలో పెళ్లి పాట. ఆనందభైరవి."

అన్నిటికన్నా ఆయన్ని పట్టుకున్నది వేరే. పల్లవి చివర దరువు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు లెక్కల కాలం ఏమీ మోగదు. థియేటర్లో జనం ఈలలు వేసింది అక్కడే, ఆటోవాళ్లు హారను కొట్టేది అక్కడే. ఆ భాగం పదిసార్లు వేయించుకుని విన్నాడు. పాటంతా ఈ ఖాళీ కోసమే కట్టారని తేల్చాడు. నాలుగు దెబ్బల పాటని ఏడు దెబ్బల మిశ్రచాపులోకి దించి, నడక నిదానం చేసి, ఆ ఖాళీ దగ్గర తను పై షడ్జమం పట్టుకుని నిలబడితే, పున్నయ్య డోలు మీద గట్టిమేళం ఎత్తుకుంటాడు. లెక్క కుదిరింది.

తెనాలి తిరిగొచ్చి, వసారాలో కూర్చుని చెబితే పున్నయ్య నవ్వాడు. "ఏడు దెబ్బల ఐసుబండి ఎంతో దూరం పోదన్నా. కాలవలో పడుద్ది." నాలుగు రోజులు సాధన చేశాక నవ్వడం మానేశాడు.

దుగ్గిరాల పెళ్లిలో పాట మొదలైనప్పుడు పెళ్లికూతురి తాత కళ్లు మూసుకుని తల ఊపాడు. ఏ కీర్తనో ఆయనకి తెలియలేదు, తెలిసినట్టు మాత్రం ఊపాడు. రెండో ఆవృత్తికి పెళ్లికూతురు తలెత్తింది. వరస గుర్తుపట్టి, దోసిట్లో తలంబ్రాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. వెనక కుర్రకారు ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. మీరావలి పై షడ్జమం మీద నిలబడ్డాడు, పున్నయ్య డోలు విరుచుకుపడింది. ఆ ఊళ్లో అలాంటి కేకలు సినిమా హాల్లో కూడా పడలేదని తరవాత చెప్పుకున్నారు. ముసలాయన తన మెళ్లో కండువా తీసి మీరావలి భుజాన వేశాడు. ఇద్దరికీ ఆ రోజు పందిట్లోనే, మొదటి బంతిలో విస్తళ్లు పడ్డాయి.

ఆ సీజనంతా గోపాలకృష్ణ చేతిలో పెళ్లిళ్లన్నిటికీ అదే పాట అడిగారు. రేపల్లె, బాపట్ల, చెరుకుపల్లి తిరిగారు. మీరావలి నడకే మారిపోయింది. అరటిపళ్ల బండి ముందు ఆగి తమ్ముడితో, అటక మీద నుంచి నీ సన్నాయి కూడా దించరా అన్నాడు.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు. పెళ్లి వీడియోల్లో సన్నాయి సరిగ్గా వినపడటం లేదనీ, ఒకసారి బాపట్లలో శుభ్రంగా రికార్డు చేయించి పెట్టుకుంటే ఎడిటింగులో కలుపుకుంటామనీ గోపాలకృష్ణ కబురు పెట్టాడు. సన్నాయి, డోలు జంటగా జీవన్ కుమార్ గదికి వెళ్లారు. గోపాలకృష్ణా వచ్చాడు.

గది చిన్నది. డోలు మోత సన్నాయి మైకులోకి దూరిపోతోందని జీవన్ కుమార్ రెండుసార్లు ఆపాడు. మూడోసారి గోపాలకృష్ణే, దరువు కీబోర్డులో వేసుకుందాం అన్నాడు. ఆ కీబోర్డులో ఏడు దెబ్బల దరువు లేదు. మూడు దెబ్బల ముక్క ఒకటి, నాలుగు దెబ్బల ముక్క ఒకటి తెచ్చి అతికిస్తే అది కుంటివాడు మెట్లెక్కినట్టుంది. మీరావలి మొహం చిట్లించాడు. పున్నయ్య ఆయన వైపే చూస్తున్నాడు. డోలు లేకుండా నేను వాయించనని ఆయన ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా. వీడియో కోసమే కదా, ఎందుకొచ్చిన పేచీ, వచ్చే సీజను చెడగొట్టుకోవడం అనుకున్నాడు.

"నువ్వు కాసేపు బయట కూర్చో, పున్నయ్యా."

పున్నయ్య డోలు ఎత్తుకుని వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. కాసేపు అనుకున్నది సాయంత్రం దాకా అయింది. మధ్యాహ్నం లోపలికి భోజనం పొట్లాలు మూడు వచ్చాయి. నాలుగోది తెప్పించాలని ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు.

పాట అయిపోయాక, జీవన్ కుమార్ ఇంకో పని అడిగాడు. ఒక్కొక్క స్వరమూ విడిగా ఊదాలట. పొడుగ్గా ఒకసారి, పొట్టిగా ఒకసారి, ఊపుతో ఒకసారి, జారుతూ ఒకసారి. కీబోర్డులో ఉన్న సన్నాయి శబ్దం పిల్లల బొమ్మలాగా ఉంటుందనీ, దాని బదులు బాబాయ్ శబ్దం పెడతాననీ చెప్పాడు. ఆ కుర్రాడిలో అప్పటికి కల్మషం లేదు. మంచి శబ్దం అంటే అతనికి పిచ్చి, అంతే.

పన్నెండు స్వరాలు ఎలాగోలా ఊదేసి వచ్చి ఉంటే ఏమయ్యేదో. కానీ సన్నాయి పట్టిన వంశంలో మనిషి అపస్వరం ఊది లేచి రాడు. ఒకటి ఊదాక జీవన్ కుమార్ బాగుందనేవాడు, మీరావలి ఒప్పుకునేవాడు కాదు. "బాగాలేదురా. ఆనందభైరవి గాంధారం ఇలా ఉండదు. చెరిపెయ్, మళ్లీ ఊదుతా." జీవన్ కుమార్ చాలన్నా వినకుండా, గాంధారం కల్యాణిలో ఎలా నిలబడుతుందో, తోడిలో ఎలా వణుకుతుందో అన్నీ వేరువేరుగా ఊది పెట్టాడు. తండ్రి తనకి పదకొండేళ్లు నేర్పింది రెండు రోజుల్లో ఆ పెట్టెలోకి పోయింది. అందులో ఒక్క తప్పు కూడా లేకుండా చూసుకున్నది ఆయనే.

ఇంటికొచ్చి ఆ సంబరమంతా చెప్పాడు. మున్నీసా కుట్టు మిషను ఆపి విన్నది.

"అన్నీ ఇచ్చేశారా? ఒక్కటైనా మన దగ్గర అట్టేపెట్టుకోలేదా?"

ఆయనకి అర్థం కాలేదు. స్వరం ఇస్తే తరిగిపోయేదేంటే అని నవ్వాడు.

సినిమా పాటకి వరస కట్టినవాడికి హక్కు కాగితాలున్నాయి, మాటలు రాసినవాడికి ఉన్నాయి, పాడిన అమ్మాయికి ఉన్నాయి, క్యాసెట్టు కంపెనీకి అందరికన్నా ఎక్కువున్నాయి. ఆ పాటని విప్పి, ఆనందభైరవిలో మళ్లీ కట్టినవాడి పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు. రెండు రోజుల ఆ పనికి ఆయన చేత సంతకం కూడా పెట్టించలేదు. ఆ మనిషికి సంతకం దాకా అవసరం ఉందని వాళ్లెవరికీ అనిపించలేదు.

శ్రావణంలో కబురు రాలేదు. ముహూర్తాలు తక్కువేమో అనుకున్నాడు. కార్తీకంలోనూ రాలేదు. ఒక పొద్దున తెనాలిలో కల్యాణమండపం ముందు నుంచి కూరగాయల సంచీతో వస్తుంటే లోపల ఐసుబండి పాట మోగుతోంది. తన పాటే. ఎవరో నేర్చేసుకున్నారని ఉక్రోషం వచ్చింది, ఎవడో ఘనుడే అని కూడా అనిపించింది. గేటు దగ్గర నిలబడి విన్నాడు. వెంటనే ఇంకో పాట మొదలైంది, ఆయన జన్మలో వాయించని ఏదో కొత్త సినిమా పాట. అందులో గాంధారం ఊగిన తీరు చూసేసరికి చేతిలో సంచీ కింద పెట్టేశాడు. లోపలికి వెళ్తే అక్కడ సన్నాయి లేదు. కీబోర్డు ముందు జీవన్ కుమార్ ఉన్నాడు. బాబాయ్‌ని చూసి, కీబోర్డు మీదికి ఇంకాస్త వంగాడు.

గోపాలకృష్ణ ఆఫీసుకి వెళ్లాడు. అతను లేచి నిలబడలేదు గానీ కుర్చీ చూపించాడు.

"నా చేత వీడియో కోసమని ఊదించి, ఇదేం పనండి?"

"మీ పాటేగా, మీరావలీ, మోగుతోంది? సంతోషించాలి. నువ్వు ఒక్క ముహూర్తానికి ఒక్కచోటే వాయించగలవు. ఇప్పుడు ఒకే టైములో మూడు ఊళ్లలో మోగుతున్నావు."

గారు ఎప్పుడు పోయిందో, మీరు ఎప్పుడు నువ్వు అయిందో మీరావలి పట్టించుకునే స్థితిలో లేడు. పందిట్లోకి రానివ్వమని అడిగాడు. అడిగాడు అనడం కంటే బతిమాలుకున్నాడు అనాలి. గోపాలకృష్ణ ఆలోచించినట్టు గడ్డం గోక్కుని ఒప్పుకున్నాడు. వీడియోలో కీబోర్డు కనిపిస్తే పెద్దవాళ్లు సణుగుతున్నారట, సంప్రదాయం లేదంటున్నారట. మంచి తలపాగా, జరీ పంచె ఏజెన్సీయే ఇస్తుంది. సన్నాయి పట్టుకుని నిలబడితే చాలు. ఊదనక్కర్లేదు, ఊదినట్టు ఉంటే చాలు. డోలు మాత్రం వద్దు, కెమెరాకి అడ్డం.

ఈ మాట పున్నయ్యకి మీరావలే చెప్పాల్సి వచ్చింది. పున్నయ్య అప్పటికే బావమరిది సెలూన్లో కుర్చీ వెనక నిలబడుతున్నాడు. ఎవరి గడ్డానికో నురగ రాస్తూ విన్నాడు. తిట్టలేదు. "నీకన్నా నాకు నాలుగు నెలలు ముందే చెప్పారన్నా, అరుగు మీద," అని కత్తి తుడుచుకున్నాడు. ఆ తరవాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

మొదటిసారి నిలబడ్డ పెళ్లిలో మీరావలి తట్టుకోలేకపోయాడు. ఆ కుంటి దరువు చెవిలో పడుతుంటే, దాన్ని సరిచేద్దామని నిజంగానే ఊదేశాడు. బాక్సుల్లో సన్నాయి ఒక దారిన, చేతిలో సన్నాయి ఒక దారిన పోయి వీడియో పాడైంది. తరవాతి పెళ్లి నుంచి గోపాలకృష్ణ ఒక ఏర్పాటు చేశాడు. సన్నాయికి పైన రెల్లు ముక్కతో చేసిన చిన్న పీక ఉంటుంది. పెదవుల మధ్య పెట్టుకునేది దాన్నే, శబ్దమంతా పుట్టేది అందులోనే. అది లేకపోతే సన్నాయి వట్టి చెక్కగొట్టం. పందిట్లోకి వెళ్లే ముందు ఆ పీక ఊడదీసి గోపాలకృష్ణ చేతికివ్వాలి. పెళ్లి అయ్యాక అతను తిరిగిస్తాడు. పదహారు పెళ్లిళ్లు అలా నడిచాయి. ఆయన ఇచ్చాడు, అతను జేబులో వేసుకున్నాడు.

2007 వైశాఖంలో రేపల్లెలో బియ్యం మిల్లు యజమాని ఇంట పెళ్లి. పగలు పదకొండు గంటల ముహూర్తం. అసలైన సన్నాయి విద్వాంసుడు వస్తున్నాడని పెళ్లికూతురి తరఫువాళ్లకి గోపాలకృష్ణ గట్టిగా చెప్పి ఉన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. తలపాగా కింద చెమటలు కారుతుంటే మీరావలి పీటల పక్కన నిలబడ్డాడు. జీవన్ కుమార్ పూల తెర వెనక కూర్చుని కీబోర్డులో నింపి పెట్టిన పాట వేస్తున్నాడు.

జీలకర్ర బెల్లం అయింది. పెళ్లికొడుకు మంగళసూత్రం చేతిలోకి తీసుకుని లేచాడు. పురోహితుడు చెయ్యెత్తి, గట్టిమేళం, గట్టిమేళం అన్నాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, బాక్సులు ఆగాయి. జనరేటరు దగ్గర మనిషి లేడు, టిఫిన్ తింటున్నాడు.

అయిదారు వందల మంది ఉన్న పందిరి మూగబోయింది. పురోహితుడు మళ్లీ చెయ్యి ఊపాడు. అందరి మొహాలూ సన్నాయి వైపు తిరిగాయి. మీరావలి గోపాలకృష్ణ కోసం చూశాడు. అతను కెమెరా పక్కనే ఉన్నాడు, పది అడుగుల దూరంలో. చొక్కా జేబు ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉంది. మీరావలి చెయ్యి చాచాడు. ఆ చేతిలో పీక పెడితే, ఇంతసేపూ మోగింది ఏమిటో పెళ్లివారికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. గోపాలకృష్ణ మొహం తిప్పుకుని కరెంటు తీగల వైపు చూశాడు.

మీరావలి ఊదాడు. వట్టి గొట్టానికి నోరు ఆనించి, ఏదైనా పలుకుతుందేమోనని ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. పొయ్యి ఊదుతున్నట్టు ఉస్సుమంది. ముందు వరసలో పిల్లలు పకపకా నవ్వారు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు కంగారుపెట్టాడు. ఎవరో ఆడమనిషి స్టీలు పళ్లెం మీద గరిటెతో టంగుటంగుమని కొట్టింది. ఆ మోతలో మూడు ముళ్లూ పడ్డాయి. పెళ్లికూతురి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

పెళ్లికూతురి మేనమామ లేచి వచ్చాడు. మీరావలి చేతిలోంచి సన్నాయి లాక్కుని, తిరగేసి, దాని మూతి చూశాడు. అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"పీకే లేదురా దీనికి. ఈ ముసలాడికి వాయించడమే రాదు."

జనరేటరు గుడగుడమని అందుకుంది. బాక్సుల్లోంచి ఐసుబండి పాట మళ్లీ ఆనందభైరవిలో నిండుగా మోగింది. సన్నాయి మేనమామ చేతిలో ఉంది. వాయించేవాడు వట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. పందిరంతా నవ్వింది. ఏడుస్తున్న తల్లి కూడా నవ్వింది.

"ఏంటిది గోపాలకృష్ణగారూ?" అన్నాడు మేనమామ.

"నాకూ ఇప్పుడే తెలుస్తోందండి. పెద్ద విద్వాంసుణ్ణని చెప్పుకుని వచ్చాడండి. ఇలా మోసం చేస్తాడనుకోలేదు."

మీరావలి బాక్సుల వైపు చెయ్యి చూపించాడు.

"ఆ మోగేది నేనేనండి."

"ఏంటి సాయిబూ, బాక్సులో కూడా దూరావా?" అన్నాడు మేనమామ.

ఈసారి నవ్వు పందిరి దాటి వంటల దాకా పోయింది. మీరావలి పూల తెర వైపు చూశాడు. గుడ్ల అట్టల గదిలో ప్రతి గాంధారం ఎవరు ఊదారో తెలిసినవాడు ఆ పందిట్లో ఒక్కడున్నాడు. జీవన్ కుమార్ వంగి వైర్లు సరిచేసుకుంటున్నాడు. సరిచెయ్యడానికి అక్కడ ఏమీ లేదు.

ఆయన గోపాలకృష్ణ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగాడు. పీక ఇవ్వండి, ఒక్క పల్లవి వాయిస్తాను, వీళ్ల ముందు ఒక్కసారి.

"ఏ పీక?" అన్నాడు గోపాలకృష్ణ. అరచెయ్యి జేబుకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

మేనమామ ఆయన్ని గేటు బయటికి నెట్టమన్నాడు. ఇద్దరు పట్టుకున్నారు కూడా. ఆపింది వీడియో అతను. కరెంటు పోయిన గందరగోళంలో ముళ్లు వేసిన ఘట్టం చీకటిగా వచ్చిందట, లైట్లు పెట్టి మళ్లీ తియ్యాలట. పెళ్లివారు సరేనన్నారు. పురోహితుడు విసుక్కుంటూనే కూర్చున్నాడు. పెళ్లికొడుకు వేసిన ముడినే పట్టుకుని వేస్తున్నట్టు వంగాడు. వీడియో అతను కెమెరాలో చూసి, కుడిపక్క బోసిగా ఉంది, ఆ ముసలాయన్ని నిలబెట్టండన్నాడు.

గోపాలకృష్ణే వచ్చి సన్నాయి చేతికిచ్చాడు. జారిన తలపాగా తన చేత్తోనే సర్దాడు. దగ్గరగా వంగి, ఎవరికీ వినపడకుండా, ఎల్లుండి బాపట్లలో పెళ్లి ఉంది, వస్తావా రావా ఇప్పుడే తేల్చుకో అన్నాడు.

గేటు ఎదురుగానే ఉంది. రేపల్లె స్టేషను అక్కడికి నడిచేంత దూరం. మధ్యాహ్నం బండికి టైముంది. ఆ గేటు దాటితే ఇక ఏ పందిట్లోనూ కాలు పెట్టే దారి లేదని ఆయనకి తెలుసు. ఆయన గేటు వైపు చూశాడు, పీటల వైపు చూశాడు, వెళ్లి కుడిపక్కన నిలబడ్డాడు.

పాట మొదటి నుంచి వేశారు.

"తాతా, అలా చచ్చినట్టు నిలబడితే ఎలా? బుగ్గలు పొంగించు," అన్నాడు వీడియో అతను.

మీరావలి వట్టి గొట్టం పెదవులకి ఆనించి బుగ్గలు పొంగించాడు. చాలలేదన్నాడతను. ఇంకా పొంగించాడు. కళ్లు కెమెరా వైపు కాదు, పెళ్లికూతురి వైపు ఉండాలన్నాడు. అటు తిప్పాడు. మూడోసారికి, బాగా వచ్చింది, ఇక దిగొచ్చు అన్నాడు.